అయ్యగారి గ్రీకు, మా జిరాక్స్ షాపు

పొలం కాగితాల పని మీద మొన్న సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళ్తే, ఆధార్ కాపీ ఇంకొకటి కావాలన్నారు. ఎదురు సందులో, స్టాంపు వెండర్ బల్ల పక్కన, రేకుల షెడ్డు కింద ఒక పాత మిషను ఉంది. ఈమధ్య ఎక్కడా కనపడని రకం, పైన అద్దం పలక అటూ ఇటూ జరిగేది. కుర్రాడు బటన్ నొక్కాడు. పచ్చటి వెలుగు ఆ చివర నుంచి ఈ చివరకి పాకింది, వెనకే ఆ వాసన. దగ్గర్లో పిడుగు పడ్డాక గాలిలో కాసేపు నిలబడే ఘాటు, ముక్కులో చురుక్కుమనేది. ఎన్నో ఏళ్ళు రోజంతా పీల్చిన వాసన అది. ఇప్పటి మిషన్లలో దాదాపు రాదు. ఇంటికొచ్చాక కూడా వదల్లేదు, అందుకే రాస్తున్నాను.

జిరాక్స్ గురించి చెప్పాలంటే ముందు సైక్లోస్టైల్ గురించి చెప్పాలి. లేకపోతే ఆ పేరులో ఉన్న సుఖం అర్థం కాదు.

*

గుంటూరు బ్రాడీపేటలో మా బాబాయికి టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేది. మేడ మీద రెండు గదులు. ముందు గదిలో టైపు మిషన్లు. లోయర్, హయ్యర్ పరీక్షలకి కట్టినవాళ్ళ టకటకలు తెల్లారకముందే మొదలయ్యేవి. వెనక గదిలో గెస్టెట్నర్ డూప్లికేటర్, అదే సైక్లోస్టైల్ మిషను. స్కూళ్ళ క్వశ్చన్ పేపర్లు, యూనియన్ల సర్క్యులర్లు, చిట్టీల నోటీసులు, అన్నీ ఆ గదిలోంచే బయటికి వచ్చేవి.

స్టెన్సిల్ అంటే మైనం పూసిన పల్చటి కాగితం. టైపు మిషను రిబ్బన్‌ని పక్కకి తప్పించి కొడితే అక్షరం పడినచోట మైనం తెగుతుంది, ఆ తెగినచోట నుంచి ఇంకు దిగుతుంది. తెలుగు మిషను మీద సున్నా గట్టిగా కొడితే మధ్యలో గుండ్రటి ముక్క ఊడొచ్చేది. కాగితం మీద సున్నా బదులు నల్లటి చుక్క పడేది. తప్పు కొడితే ఎర్రటి కరెక్షన్ ఫ్లూయిడ్ రాసి, ఊది, ఆరాక మళ్ళీ కొట్టాలి. అది గోళ్ళరంగు వాసన వేసేది. ఆ సీసా మూత ఎవరు తీసినా ముందు గదిలో అమ్మాయిలు తలెత్తి చూసేవాళ్ళు.

నా డ్యూటీ స్కూలు నుంచి వచ్చాక మొదలు. బాబాయి పిడి తిప్పుతుంటే ఒక్కో కాగితం అందుకుని ఆరబెట్టాలి. చాపల మీద, కిటికీ గూట్లో, నవారు మంచం మీద, చివరికి బట్టల తాడు మీద కూడా. వానాకాలం వచ్చిందంటే నరకమే. ఒకదాని మీద ఒకటి పడితే కింద కాగితం ఇంకు పై కాగితం వీపుకి అంటేది. యూనియన్ వాళ్ళు తెల్లారేసరికి కావాలనేవాళ్ళు. బాబాయి టేబుల్ ఫ్యాన్ తెచ్చి పెడితే కాగితాలు ఎగిరి మేడ మెట్లు దిగిపోయేవి. చేతులకి అంటిన ఇంకు సబ్బుకి పోదు. కిరసనాయిలుతో తోముకుని, తర్వాత సబ్బు, తర్వాత శనగపిండి. అయినా రాత్రి అన్నం ముద్దలో కిరసనాయిలు వాసనే.

ఆ మేడ మెట్లు ఎక్కి వచ్చేవాళ్ళలో ఒక రిటైరైన పాస్టరుగారు ఉండేవారు. లూథరన్ చర్చి. 1842లో మిషనరీ హయ్యర్ దొర గుంటూరులో దిగినప్పటి నుంచి మా ఊళ్ళో వేళ్ళూనుకున్న సంఘం అది. అందరం ఆయన్ని అయ్యగారు అనే పిలిచేవాళ్ళం. సెమినరీలో చదువుకున్నారు, కొత్త నిబంధన మూలం గ్రీకులో చదవగలరు. సాయంత్రాలు నలుగురైదుగురు కుర్ర పాస్టర్లకి ఇంట్లో గ్రీకు చెప్పేవారు, డబ్బు తీసుకోకుండా. వాళ్ళకి పాఠాలు కావాలి. టైపు మిషన్లో గ్రీకు అక్షరాలు ఎక్కణ్ణుంచి వస్తాయి? అందుకని తెలుగు వరకు బాబాయి టైపు కొట్టి గ్రీకు మాటలున్నచోట ఖాళీ వదిలేవాడు. అయ్యగారు బల్ల ముందు కూర్చుని, స్టైలస్ అనే ఇనప మొన కలంతో ఒక్కో అక్షరం స్టెన్సిల్ మీద గీకేవారు. ఊపిరి బిగపట్టి గీకాలి. చెయ్యి కాస్త బరువైతే మైనం చిరిగి షీటంతా దండగ.

"ఈ సైక్లోస్టైల్ అన్నది సగం గ్రీకురా అబ్బాయ్," అన్నారొకసారి నాతో. "కిక్లోస్ అంటే చక్రం. నువ్వు తొక్కుకొచ్చిన సైకిల్లో ఉన్నదీ అదే. స్టైల్ మాత్రం లాటిను, గీసే పుల్ల." మా మిషన్లో తిరిగేది డ్రమ్ము కాబట్టి దాన్నే చక్రం అనుకున్నాను. అసలు సంగతి చాలా ఏళ్ళకి చదివాను. లండన్లో డేవిడ్ గెస్టెట్నర్ మొదట చేసింది ఒక కలం. దాని మొనకి చిన్న పళ్ళ చక్రం, అది దొర్లుతూ మైనపు కాగితానికి చిల్లులు పొడుస్తుంది. ఆ కలం పేరు మిషనుకి ఎక్కింది.

*

డిగ్రీ అయ్యింది, ఉద్యోగం రాలేదు. రెండు లైన్ల అవతల కొత్తగా జిరాక్స్ షాపు పెడితే అందులో చేరాను. ఊళ్ళో అప్పటికి అలాంటివి వేళ్ళ మీద లెక్కపెట్టచ్చు. అద్దాల తలుపు, ఏసీ, "చెప్పులు బయట విడవండి" అని బోర్డు. స్టెబిలైజర్ సొరుగు పెట్టంత ఉండేది. పొద్దున్నే మిషను మీద ముసుగు తీసి, పైన వినాయకుడికి అగరొత్తి వెలిగించి, స్విచ్ వేస్తే అది వేడెక్కి పచ్చ లైటు వెలిగేదాకా పని లేదు. ఆ వ్యవధిలోనే టీ. కరెంటు పోయి వచ్చిందంటే మళ్ళీ మొదటి నుంచి వేడెక్కాలి. గజిటెడ్ ఆఫీసరు సంతకం కోసం పరిగెత్తే పిల్లలు తలుపు దగ్గర నిలబడి తిట్టుకునేవాళ్ళు.

మొదటి రోజుల్లో మిషన్ని చూడ్డానికే వచ్చేవాళ్ళు. పొన్నూరు వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన పట్టాదారు పాసు పుస్తకం అద్దం మీద పెట్టనివ్వలేదు. "అసలుది లోపలికి లాక్కోదు కదా బాబూ?" అని నాలుగుసార్లు అడిగాడు. తీరా పెట్టాక, దీపం పాకి కాగితం బయటికి వచ్చేదాకా పుస్తకం చివర పట్టుకునే నిలబడ్డాడు. ఆ కాపీలో ఆయన బొటనవేలు కూడా పడింది.

కాపీ చేతికివ్వగానే అందరూ చేసే పని ఒకటుండేది, ఊదడం. రెండు చేతులతో అంచులు పట్టుకుని ఉఫ్ ఉఫ్‌మని ఊది, గాలిలో విసిరి, "ఆరిందా?" అని అడిగేవాళ్ళు. సైక్లోస్టైల్ కాగితాలకి అలవాటైన చేతులు మరి. నేనూ మొదటి వారం మిషన్లోంచి వచ్చిన కాగితాలు ఒకదాని మీద ఒకటి పడకుండా విడివిడిగా పరిచేవాణ్ణి. ఓనరన్న చూసి నవ్వాడు. "ఎందుకు పరుస్తున్నావురా? అప్పడంలా కాలి వచ్చింది, దానికి తడెక్కడిది?"

*

అయ్యగారు షాపుకి వచ్చిన మొదటి రోజు నాకు బాగా గుర్తు. చేతిసంచిలో చేత్తో రాసిన పాఠాలు, గ్రీకూ తెలుగూ కలిపి. ఒక పేజీ పెట్టి తీశాను. ఆయన గీసిన అక్షరం గీసినట్టు, దాని నెత్తిన చిన్న స్వర చిహ్నంతో సహా దిగింది. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశారు. స్టెన్సిల్ మీద ఇనప మొనతో గీకిన సాయంత్రాలన్నీ గుర్తొచ్చి ఉంటాయి. తర్వాత కాగితాన్ని వేలితో రుద్దారు. అంటలేదు.

"నీ షాపు పేరుకి అర్థం తెలుసా?" అన్నారు.

కంపెనీ పేరండీ అన్నాను.

"క్సేరోస్. గ్రీకులో పొడిది, ఎండినది అని." వెనక ముగ్గురు కస్టమర్లున్నారు, అయినా ఆయనకి పట్టలేదు. లూకా సువార్తలో విశ్రాంతి దినాన యేసు బాగుచేసిన ఊచచెయ్యి మనిషి ఉన్నాడే, అతని చెయ్యి గ్రీకులో 'క్సేరా', అంటే ఎండిపోయిన చెయ్యి. ఇశ్రాయేలీయులు ఎర్రసముద్రాన్ని పొడినేల మీద నడిచినట్టు దాటారని హెబ్రీ పత్రికలో ఉంటుంది, ఆ పొడినేలలోనూ అదే మాట. "ఇక గ్రాఫెయిన్ అంటే రాయడం. సిలువ మీద పెట్టిన పలక మార్చమని యూదులు అడిగితే పిలాతు ఏమన్నాడు? గెగ్రాఫా, గెగ్రాఫా. రాసిందేదో రాశాను పో అని. ఈ రెండూ కలిపితే క్సేరోగ్రఫీ, పొడిరాత. దానిలోంచి తుంచిన ముక్క నీ జిరాక్స్."

వెనకున్న కుర్రాడు ఇంటర్ మార్కుల మెమో పట్టుకుని కాలు మార్చి కాలు మీద నిలబడుతున్నాడు. నాకు మాత్రం పొడి అన్న మాట దగ్గరే బుర్ర ఆగిపోయింది. చాపలు, తాడు, కిరసనాయిలు, వానాకాలం. ఆ పేరు పెట్టినవాడు కూడా ఎక్కడో తడికాగితాలు ఆరబెట్టి ఉంటాడు అనుకున్నాను.

*

తర్వాత జిల్లా గ్రంథాలయంలో ఒక పాత ఇంగ్లీషు పత్రికలో కథ దొరికింది. నా ఊహ మరీ తప్పు కాదు. ఈ పద్ధతి కనిపెట్టిన చెస్టర్ కార్ల్‌సన్ న్యూయార్కులో ఒక కంపెనీ పేటెంట్ల విభాగంలో పనిచేసేవాడు. పేటెంటు పత్రాలకి కాపీలు ఎప్పుడూ చాలేవి కావు. చేత్తో రాద్దామంటే కీళ్ళనొప్పులు, ఫోటోస్టాట్ తీయిద్దామంటే ఖర్చు. ఆ ఫోటోస్టాట్ కూడా గ్రీకే, ఫోస్ అంటే వెలుగు, స్టాటోస్ అంటే నిలిచినది. మన దరఖాస్తు ఫారాల మీద "ఫోటోస్టాట్ కాపీ జతపరచవలెను" అని చాలాకాలం అచ్చయింది గానీ, అసలు ఫోటోస్టాట్ ఫోటోలాగే రసాయనాల తొట్టిలో ముంచి, కడిగి, ఆరబెట్టే వ్యవహారం.

కార్ల్‌సన్ మొదట ఇంట్లో వంటగదిలో గంధకం కరిగించాడు. తర్వాత క్వీన్స్‌లోని ఆస్టోరియాలో ఒక గది అద్దెకి తీసుకున్నాడు. ఒట్టో కోర్నయ్ అనే ఆస్ట్రియా నుంచి వచ్చిన ఇంజనీరుని సాయానికి పెట్టుకున్నాడు. 1938 అక్టోబర్ 22న గంధకం పూత పూసిన జింకు పలకని చేతిరుమాలుతో గట్టిగా రుద్దారు, స్థిరవిద్యుత్తు పుట్టడానికి. గాజు ముక్క మీద ఆ రోజు తేదీ, ఆస్టోరియా అని ఇంకుతో రాసి, పలక మీద పెట్టి దీపం చూపించారు. వెలుగు తగిలినచోట విద్యుత్తు పోయింది, అక్షరాల నీడ పడినచోట నిలిచింది. లైకోపోడియం పొడి చల్లి ఊదితే అక్షరాలకి అంటుకున్న పొడి మిగిలింది. దాన్ని మైనపు కాగితం మీదకి ఒత్తి వేడి చేశారు. మా మిషను చేసేదీ ఇదే. రుమాలు బదులు తీగ, లైకోపోడియం బదులు టోనర్ అనే నల్లపొడి.

లైకోపోడియం అంటే ఏమిటని అయ్యగార్ని అడిగితే "తోడేలు పాదం" అన్నారు. లైకోస్ తోడేలు, పూస్ పాదం, ఒక నాచులాంటి మొక్క పేరు.

దీన్ని కొనమని కార్ల్‌సన్ ఇరవైకి పైగా కంపెనీల గుమ్మాలు ఎక్కాడు. ఎవరికీ అక్కర్లేకపోయింది. ఒహాయోలో బటెల్ అనే పరిశోధన సంస్థ 1944లో చేయి కలిపింది, తర్వాత రోచెస్టర్లోని హలాయిడ్ అనే చిన్న కంపెనీ హక్కులు తీసుకుంది. అతను మొదట పెట్టిన పేరు ఎలక్ట్రోఫోటోగ్రఫీ. అంత పేరు పలుకుతూ ఎవరు కొంటారు? ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో గ్రీకు, లాటిన్ తెలిసిన ఒక ప్రొఫెసర్ని అడిగితే ఆయన క్సేరోగ్రఫీ అందించాడు. 1948 అక్టోబర్ 22న, ఆ గాజు ముక్క తేదీకి సరిగ్గా పదేళ్ళకి, లోకానికి చెప్పారు. మిషనుకి జిరాక్స్ అని పెట్టారు. రోచెస్టర్లోనే ఉన్న కోడాక్ లాగా మొదటి అక్షరంతోనే ముగిసే పేరు. ఇందులో అయ్యగారు పట్టుకున్న తమాషా ఇంకొకటుంది. హలాయిడ్ కూడా గ్రీకే, హల్స్ అంటే ఉప్పు. ఫోటో కాగితాల మీద పూసే వెండి లవణాలు, తడి వ్యాపారం. చివరికి 1961లో ఆ పేరు పూర్తిగా వదిలేసి జిరాక్స్ అని మార్చుకున్నారు.

1959లో వచ్చిన మొదటి పెద్ద మిషను దాదాపు మూడు వందల కిలోలు. లోపల కాగితం అంటుకునే ప్రమాదం ఉండేది, అందుకని మంటలార్పే సీసా కూడా ఇచ్చేవారు. కొనేవాళ్ళు భయపడకుండా దానికి అగ్నిమాపకం అనకుండా "మాడు నివారిణి" లాంటి పేరు పెట్టారు. ఇది చదివి ఓనరన్నకి చెబితే తెగ నవ్వాడు. మా మిషన్లో కాగితం ఇరుక్కుంటే అంచులు గోధుమరంగుకి తిరిగి పొగ వచ్చేది, మా మాడు నివారిణి వీధి పంపు నీళ్ళే.

*

ఇప్పుడు ఆ వాసన సంగతి. మిషను లోపల జుట్టంత సన్నటి తీగ ఉంటుంది, కరోనా వైర్ అనేవాళ్ళం. ఈ మాట ఊరంతటి నోళ్ళలో పడటానికి ఎన్నో ఏళ్ళ ముందు, మా షాపులో రోజూ నలిగిన మాట అది. వేల వోల్టులు ఆ తీగకి వెళ్తాయి, చుట్టూ ఉన్న గాలిలో ఆక్సిజన్ కాస్తా ఓజోన్ అవుతుంది. తీగ మీద మసి చేరితే కాపీలో నిలువు చారలు. శనివారం సాయంత్రం కవరు తీసి, స్పిరిట్‌లో ముంచిన దూదితో ఆ తీగని ఈ చివర నుంచి ఆ చివరకి తుడవాలి. తెగితే విజయవాడ నుంచి ఇంజనీరు రావాలి, అంటే రెండు రోజులు షాపు మూత. ఆ తీగ తుడిచేటప్పుడున్నంత టెన్షన్ నాకు పెళ్ళిచూపుల్లో కూడా లేదు.

తలుపులు మూసిన ఏసీ గదిలో మధ్యాహ్నానికి తలనొప్పి వచ్చేది. అప్పట్లోనే పేపర్ల నిండా ఓజోన్ పొరకి చిల్లు పడిందని వార్తలు. 1985లో అంటార్కిటికా మీద కనిపెట్టారు కదా. పైన ఉంటే రక్ష, మా షాపులో ఉంటే తలనొప్పి. అయ్యగారికి ఇది భలే నచ్చింది. మర్నాడు గ్రీకు నిబంధన పట్టుకొచ్చి యోహాను పదకొండో అధ్యాయం తీసి చూపించారు. లాజరు చచ్చి నాలుగు రోజులైంది, సమాధి రాయి తీయమంటే మార్త ఏమంది? ఇప్పటికి కంపు కొడుతుంది ప్రభువా అంది. గ్రీకులో "ఏదే ఒజెయ్". "ఆ ఒజెయ్ నీ ఓజోన్!" అని బల్ల మీద కొట్టారు. స్విట్జర్లాండ్ బాజెల్లో షోన్‌బైన్ అనే రసాయన శాస్త్రవేత్త 1839లో నీటిలోంచి కరెంటు పంపుతుంటే ఇదే వాసన వచ్చింది. అదేమిటో తెలియదు, వాసన మాత్రం ఉంది. అందుకని మరుసటి ఏడు వాసన కొట్టేది అనే పేరు పెట్టేశాడు. అది మూడు ఆక్సిజన్ పరమాణువులని తేలడానికి ఇంకో పాతికేళ్ళు పట్టింది.

డ్రమ్ము కూడా గ్రీకే. మా మిషను డ్రమ్ముకి సెలీనియం పూత, అద్దంలా మెరిసేది. ముట్టుకోకూడదు, వెలుతురు తగలకూడదు. ఇంజనీరు దాన్ని బయటికి తీస్తే పసిపిల్లకి కప్పినట్టు నల్లగుడ్డ కప్పేవాడు. సెలేనే అంటే చంద్రుడు. బెర్జీలియస్ 1817లో కనిపెట్టి, దాని పోలికలున్న టెల్లూరియానికి భూమి పేరుంది కదా, దీనికి చంద్రుడి పేరుండనీ అనుకున్నాడు. అయ్యగారు వెంటనే మత్తయి సువార్తలో చాంద్రరోగిని పట్టుకొచ్చారు. టోనర్ పొడి చూపిస్తే, గాయాల మీద చల్లే పొడిమందుని గ్రీకులు క్సేరియన్ అనేవారని, అది అరబ్బుల నోట అల్-ఇక్సీర్ అయి, చివరికి ఇంగ్లీషులో అమృతానికి మారుపేరు ఎలిక్సిర్ అయిందని చెప్పారు. "నీ ఒంటినిండా అమృతమే పో," అన్నారు నా చొక్కా చూసి. టోనర్ బట్టలకి అంటితే వేడినీళ్ళు పోయకూడదు, కరిగి పట్టేస్తుంది. దులుపుకోవాలంతే. మా అమ్మ ఇది చివరిదాకా నమ్మలేదు.

*

షాపు బోర్డు మళ్ళీ రాయించినప్పుడు పెద్ద రగడ జరిగింది. పెయింటరు జెరాక్స్ అంటాడు, ఓనరన్న జిరాక్స్ అంటాడు. అయ్యగారు అప్పుడే వచ్చి, రెండూ తప్పే అన్నారు. "ఇంగ్లీషువాడికి మాట మొదట్లో క్స పలకడం చేతకాక జ చేసుకున్నాడు. మనకేం ఖర్మ? క్ష రాయండి, నోరారా పలకచ్చు." పెయింటరు బ్రష్షు కిందపెట్టి, క్షెరాక్స్ అని రాస్తే క్షవరం షాపనుకుంటారండీ అన్నాడు. జిరాక్సే ఖాయమైంది.

ఆ పేరుని మామూలు మాటగా వాడొద్దని కంపెనీ అమెరికాలో ప్రకటనలు వేసుకునేదట. మా దగ్గర ఎవరు వింటారు? జిరాక్స్ తియ్యి, జిరాక్స్ కొట్టు, వేరే కంపెనీ మిషను మీద తీసినా జిరాక్సే. పిల్లాడు తండ్రి పోలికతో పుడితే అచ్చం వాళ్ళ నాన్న జిరాక్స్.

*

అయ్యగారు పోయి చాలా ఏళ్ళైంది. పోయినేడు నరసరావుపేటలో ఒక పెళ్ళిలో పక్క కుర్చీలో కూర్చున్నాయన కుర్ర పాస్టరు. మాటల్లో గ్రీకు ప్రస్తావన వచ్చింది. బ్యాగులోంచి స్పైరల్ బైండు చేసిన పుస్తకం తీశాడు. చూడగానే చేతిరాత గుర్తుపట్టాను. ఎవరి దగ్గరో తీసిన కాపీకి కాపీ, దానికి మళ్ళీ కాపీ. సన్నటి స్వర చిహ్నాలన్నీ ఎగిరిపోయాయి. క్స అక్షరం గ్రీకులో మూడు మెలికలు తిరిగి ఉంటుంది, ఆ మెలికలు పూడుకుపోయి నల్లటి చుక్కైంది, మా బాబాయి మిషను మీద సున్నా అయినట్టే.

"ఇక్కడేముందో మాకెవరికీ తెలీదు సార్, ఊహించుకుని చదువుతాం," అన్నాడు ఒక పేజీ చూపించి. క్సేరోస్ అని చెప్పాను. పెన్నుతో మార్జిన్‌లో రాసుకున్నాడు.

"మొదటి కాపీ మీ దగ్గర ఉందా సార్?"

"లేదు. అసలు పుస్తకాలు వాళ్ళమ్మాయి దగ్గర ఉన్నాయి, అమెరికాలో."

"అయితే వాట్సాప్‌లో జిరాక్స్ పెట్టమనండి సార్."

అమ్మాయి ఓపికగా ఒక్కో పేజీ ఫోటో తీసి పంపింది. స్వర చిహ్నాలతో సహా అన్నీ ఉన్నాయి. మొత్తం ఆయనకి పంపించాను. వందనాలు అని పెట్టి, వెంటనే ఇంకో మెసేజీ పెట్టాడు. మీకు తెలిసిన షాపులో కలర్ ప్రింటు పేజీకి ఎంత తీసుకుంటారు, బైండింగుతో కలిపి అడిగి చెప్పగలరా అని.